గుండె ఆపరేషన్ తరువాత గొట్టం, సీసా, రక్తం

గుండె శస్త్రచికిత్స జరిగిన మనిషిని చూడటానికి ఆసుపత్రివారు తొలిసారి అనుమతించినప్పుడు బంధువుల చూపు రోగి ముఖం కంటె ముందు మంచం పక్కన కింద వ్రేలాడే సీసా మీద పడుతుంది. ఛాతీలోనుంచి వచ్చిన రెండు మూడు గొట్టాలు అందులోకి దిగి ఉంటాయి. ఎర్రని ద్రవం కొంచెం కొంచెంగా నిండుతూ ఉంటుంది. అది ఎక్కువగా కనిపిస్తే ఇంటివారు బెంబేలెత్తుతారు. ఉన్నట్టుండి రావడం ఆగిపోతే "అమ్మయ్య, నెత్తురు కట్టింది" అని ఊపిరి పీల్చుకుంటారు. మొదటి భయం చాలావరకు అనవసరమైనది. రెండవ ఊరట మాత్రం కొన్ని సందర్భాల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

పాలకోడులోను, చుట్టుపక్కల గ్రామాల్లోను నివసించే తెలుగు కుటుంబాలకు ఈ సంగతి తెలిసి ఉండటం మరింత అవసరం. గుండెను తెరిచి చేసే శస్త్రచికిత్స ఈ పట్టణంలో జరగదు. రోగులు సేలానికో, వేలూరుకో, చెన్నైకో, లేదా రాయకోట, హోసూరుల మీదుగా బెంగళూరుకో వెళతారు. పుట్టపర్తిలో 1991లోను, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో 2001లోను ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స కోసం దరఖాస్తు పెట్టుకునేవారూ ఉంటారు. ఎక్కడ చేయించుకున్నా, చిక్కులు లేకపోతే వారం పది రోజుల్లో ఇంటికి పంపుతారు. శస్త్రవైద్యుడు అక్కడ, రోగి ఇక్కడ. ఆ తరువాత కనిపెట్టి చూడవలసిన బాధ్యత ఇంటివారిదే. వార్డులో మాటలు తమిళంలోనో కన్నడంలోనో సాగుతాయి, చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కనుక ఏది చూడాలో, ఏ మాటతో చెప్పాలో ముందే తెలుసుకోవడం మేలు.

రక్తం రావడానికి కారణం

1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే వైద్యుడు గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు ఒక యంత్రానికి అప్పగించి, ఒక యువతి గుండెలోని రంధ్రాన్ని మూశాడు. నేటికీ గుండెను ఆపి చేసే శస్త్రచికిత్సలన్నీ ఆ మార్గంలోనే నడుస్తున్నాయి. మన దేశంలో మొదటి బైపాస్ శస్త్రచికిత్సను 1975లో చెన్నై పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు.

శరీరం వెలుపలి యంత్రంలో, ప్లాస్టిక్ గొట్టాల్లో ప్రవహించే రక్తం నిమిషాల్లో గడ్డకడుతుంది. దానిని నివారించడానికి హెపారిన్ అనే మందు ఇస్తారు. పని ముగిసిన తరువాత దానికి విరుగుడుగా ప్రోటమిన్ అనే మరొక మందు ఎక్కిస్తారు. ఇది మొదట సాల్మన్ చేపలనుంచి తీసిన పదార్థం. అంటే రెండు మూడు గంటలపాటు రక్తపు సహజ స్వభావాన్ని ఆపి, మళ్ళీ మేల్కొలుపుతారన్నమాట. యంత్రంలో తిరిగిన రక్తంలో ప్లేట్‌లెట్లు కొన్ని నశిస్తాయి, మిగిలినవి బలహీనపడతాయి. శరీరపు వేడిని తగ్గించి ఉంటే గడ్డకట్టే గుణం ఇంకా మందగిస్తుంది. రొమ్ము ఎముకను నిలువునా కోసి తిరిగి తీగతో కుట్టిన చోట సన్నని ఊట సహజం. ఈ కారణాలన్నిటివల్ల మొదటి ఒక రోజులో అన్ని గొట్టాలూ కలిపి అర లీటరు వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా ద్రవం వస్తుంది. ఇది వైద్యులు ముందే ఊహించి దారి ఏర్పరచిన ఊట. ఆ దారే గొట్టం.

శస్త్రచికిత్సకు ముందు వాడిన మందులు కూడా ఈ ఊటను పెంచగలవు. గుండెపోటు వచ్చినప్పుడో, స్టెంటు వేసినప్పుడో ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను సాధారణంగా శస్త్రచికిత్సకు సుమారు అయిదు రోజుల ముందే ఆపిస్తారు. ఆస్పిరిన్‌ను మాత్రం చాలామందికి కొనసాగిస్తారు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో నిర్ణయించేది వైద్యుడే. అయితే ఆ నిర్ణయం చేయాలంటే రోగి మింగుతున్న ప్రతి మాత్ర పేరూ ఆయనకు తెలియాలి. పాత చీటీలు, ఖాళీ అయిన మాత్రల అట్టలతో సహా, వెంట తీసుకొనిపోవడం వల్లనే ఇది సాధ్యమవుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, సిద్ధ, ఆయుర్వేద చూర్ణాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. వీటిని చెప్పడానికి సంకోచించేవారు చాలామంది; సంకోచించవలసిన పని లేదు.

గొట్టం, సీసా

గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. దాని పక్కనే ఊపిరితిత్తుల చుట్టూ పలుచని పొరల మధ్య ఖాళీ ఉంటుంది. శస్త్రచికిత్స చివర ఈ చోట్ల గొట్టాలు అమర్చి రొమ్ము కింది భాగంనుంచి వెలుపలికి తెస్తారు. అవి చిటికెనవేలి లావున ఉంటాయి. సీసాలో కొంత నీరు పోసి, గొట్టపు కొస ఆ నీటిలో సుమారు రెండు సెంటీమీటర్లు మునిగేలా పెడతారు. లోపలి ద్రవం, గాలి బయటికి రాగలవు, బయటి గాలి లోపలికి పోలేదు. నీటినే తలుపుగా వాడే ఈ ఉపాయాన్ని పందొమ్మిదవ శతాబ్దం చివర జర్మనీ వైద్యుడు గోటార్డ్ బ్యూలావ్ ప్రచారంలోకి తెచ్చాడు. నేటి ప్లాస్టిక్ పెట్టెలు చూడటానికి వేరుగా ఉన్నా లోపలి సూత్రం అదే. కొన్నిటికి మెల్లగా పీల్చే యంత్రాన్ని కూడా తగిలిస్తారు.

ఈ సూత్రం తెలిస్తే ఇంటివారు చేయకూడని పనులు వాటంతట అవే తెలుస్తాయి. సీసా ఎప్పుడూ రోగి ఛాతీ కంటె కిందనే ఉండాలి. మంచం మార్చేటప్పుడు, ఎక్స్‌రేకు తీసుకొనిపోయేటప్పుడు సహాయం చేయబోయి దానిని ఎత్తి రోగి పొట్టమీద పెడితే, బయటికి వచ్చిన ద్రవం తిరిగి లోపలికి పోతుంది. పక్కకు ఒరిగితే నీటి తలుపు తెరుచుకుంటుంది. గొట్టం మెలిక పడకూడదు, రోగి శరీరం కిందో మంచం కమ్మీల మధ్యనో నలగకూడదు. నేలవైపు ఉయ్యాలలా జారిన గొట్టంలో ద్రవం నిలిచిపోతుంది, దానిని సరిచేయమని నర్సుకు చెప్పాలి. సీసాను ఖాళీ చేయడం, గొట్టానికి క్లిప్పు పెట్టడం, కీలు దగ్గర ఊడదీయడం ఆసుపత్రి సిబ్బంది పనులు. ఎంత చదువుకున్న బంధువైనా వాటి జోలికి పోకూడదు.

సీసాకు అంటించిన తెల్లని పట్టీమీద గంట గంటకూ గీత గీసి సమయం రాస్తారు. వైద్యులకు కావలసింది సీసాలో మొత్తం ఎంత ఉన్నదన్నది మాత్రమే కాదు, గంటకు ఎంత చేరుతున్నదన్నది, దాని రంగు ఎట్లా మారుతున్నదన్నది. మొదట ముదురు ఎరుపుగా ఉండి, రెండవ రోజుకు లేత ఎరుపుగా, ఆపైన పసుపు కలిసిన నీళ్ళలా మారుతూ రావడం మంచి లక్షణం. గంటకు కొన్ని వందల మిల్లీలీటర్ల చొప్పున ఆగకుండా వస్తే లోపల ఏదో ఒకచోట కుట్టు వదిలిందనో, రక్తనాళం కారుతున్నదనో అనుమానిస్తారు. తొలి గంటలోనే 400, 500 మిల్లీలీటర్లు దాటితే చాలా ఆసుపత్రుల్లో రోగిని తిరిగి శస్త్రచికిత్స గదికి తీసుకొనిపోవడం గురించి ఆలోచిస్తారు. ఇది గుండె శస్త్రచికిత్స జరిగిన ప్రతి వందమందిలో ఇద్దరినుంచి అయిదుగురి వరకు అవసరమయ్యే పని. ఆ రాత్రి సంతకం అడిగినప్పుడు "పొద్దున చూద్దాం, పెద్దవాళ్ళు ఊరినుంచి రావాలి" అని వాయిదా వేయడం కంటె ప్రమాదకరమైన మాట మరొకటి లేదు. తిరిగి తెరవడం ఆపరేషన్ చెడిపోయిందనడానికి నిదర్శనం కాదు. ఆలస్యంగా తెరిస్తేనే నష్టం.

ఆగిపోయిన ధార

ఇప్పుడు రెండవ సంగతి. గంటకు 80, 100 మిల్లీలీటర్ల చొప్పున వస్తున్న ద్రవం ఒక్కసారిగా సున్నా అయినదనుకుందాం. రక్తస్రావం ఆగి ఉండవచ్చు. లేదా రక్తం లోపల కారుతూనే ఉండి, గొట్టంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. సీసాను చూసి ఈ రెండిటికీ తేడా చెప్పడం సాధ్యం కాదు.

గుండె చుట్టూ ఉన్న సంచి తొందరగా సాగే గుణం లేనిది. అందులో రక్తం పోగైతే గుండె విప్పారడానికి చోటు దొరకదు. విప్పారలేని గుండె నిండదు, నిండని గుండె రక్తాన్ని ముందుకు నెట్టలేదు. రక్తపోటు పడిపోతుంది, నాడి వేగం పెరుగుతుంది, మెడ సిరలు ఉబ్బుతాయి, మూత్రం తగ్గిపోతుంది, మనిషి ఆందోళనగా, చల్లగా, చెమటతో కనిపిస్తాడు. వైద్యభాషలో దీనిని టాంపొనేడ్ అంటారు. పోగైన రక్తాన్ని వెంటనే తీసివేయడమే దీనికి చికిత్స. ఊపిరితిత్తుల పక్క నిలిచిన రక్తం అంత వేగంగా చంపదు గాని ఊపిరిని అణచివేస్తుంది, చీముకు తావిస్తుంది, మళ్ళీ సూది గుచ్చి తీయవలసిన స్థితి తెస్తుంది.

గొట్టాలు మూసుకొనిపోవడం అరుదైన విషయం కాదు. అమెరికాలో జరిగి 2013లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సుమారు మూడింట ఒక వంతు మంది రోగుల గొట్టాల్లో గడ్డలు అడ్డుపడినట్లు తేలింది. వాటిలో ఎక్కువ భాగం కంటికి కనిపించే బయటి భాగంలో కాక, శరీరం లోపల దాగిన భాగంలో ఉన్నవి. బయట గొట్టం శుభ్రంగా కనిపించినంత మాత్రాన దారి తెరిచి ఉన్నదని చెప్పలేమని దీనివల్ల తెలుస్తుంది.

పూర్వం నర్సులు గొట్టాన్ని వేళ్ళతో గట్టిగా నొక్కి పొడవునా సాగదీస్తూ గడ్డలను లాగేవారు. పశువు పాలు పితికినట్టుండే ఈ పనిని పాతకాలపు వార్డుల్లో పనిచేసినవారు మర్చిపోరు. దానివల్ల లోపల విపరీతమైన పీల్పు ఏర్పడి కణజాలానికి హాని కలుగుతుందని తరువాత గ్రహించారు. 2019లో వెలువడిన గుండె శస్త్రచికిత్స మార్గదర్శకాలు గొట్టాన్ని అట్లా సాగదీయడం గాని, గడ్డ తీయడానికి కీలు ఊడదీయడం గాని వద్దన్నాయి. గొట్టాన్ని మాత్రం ఎల్లవేళలా తెరిచి ఉంచాలని అంతే గట్టిగా చెప్పాయి. కనుక నర్సు గొట్టాన్ని పితకడం లేదని బంధువులు కోపగించుకోవలసిన అవసరం లేదు. తామే పితకడానికి పూనుకోవడం అసలే తగదు.

న్యూయార్కులో 420 మంది రోగులపై జరిగి 2021లో ప్రచురితమైన మరొక పరిశోధన ఈ విషయంలో ఆసక్తికరమైనది. శస్త్రచికిత్స చివర గుండె సంచి వెనుక గోడలో చిన్న చీలిక పెట్టి, అక్కడ నిలిచే ద్రవం ఎడమ ఊపిరితిత్తి పక్కకు జారిపోయేట్లు చేశారు. అట్లా చేసినవారిలో గుండె లయ తప్పడం నూటికి 17 మందిలో, చేయనివారిలో 32 మందిలో కనిపించింది. నిలిచిన రక్తం గుండెను నొక్కడమే కాదు, దాని లయను కూడా కలవరపెడుతుందన్నమాట. లయ తప్పిన గుండెలో రక్తం నిలకడపడి గడ్డలు కట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

ఇంటివారు చేయగలిగింది ఒక్కటే, అయితే అది చిన్న పని కాదు. ధార ఆగినప్పుడు నర్సుకు చెప్పాలి. తమిళం రానివారు ఈ వాక్యం నేర్చుకుంటే చాలు: "ట్యూబ్‌ల రత్తం తిడీర్ను నిన్నుడుచ్చు", గొట్టంలో రక్తం ఉన్నట్టుండి ఆగిపోయిందని అర్థం. బెంగళూరులో అయితే "రక్త నింతుబిట్టిదె" అంటే అర్థమవుతుంది. చాలాసార్లు నర్సు వచ్చి చూసి, నాడి, రక్తపోటు సరిగా ఉన్నాయని, ఊట తగ్గే సమయమేనని చెప్పి వెళుతుంది. అడిగినందుకు నష్టం లేదు. నీరు రోగి శ్వాసతోపాటు పైకి కిందికి ఆడుతున్నదా, కొత్తగా ఎడతెరపి లేకుండా బుడగలు వస్తున్నవా అన్నది కూడా ఆమె చూస్తుంది.

ద్రవం బాగా తగ్గి, నీళ్ళలా మారిన తరువాత గొట్టాలు తీస్తారు. సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఇది జరుగుతుంది. తీసే క్షణంలో ఊపిరి బిగబట్టమంటారు. నొప్పి ఉంటుంది గాని అది క్షణకాలమే.

రక్తం ఎక్కించడం, దాతలు

శస్త్రచికిత్సకు ముందు ఇన్ని సీసాల రక్తానికి దాతలను తెమ్మని చెప్పడం మన ప్రాంతంలో మామూలు. ఊరు కాని ఊరిలో ఉన్న కుటుంబానికి ఇది పెద్ద సమస్య. ఆసుపత్రి గేటు దగ్గర "నేను చూసుకుంటాను" అంటూ డబ్బు అడిగే దళారులు దొరికేది ఇక్కడే. సర్వోన్నత న్యాయస్థానం 1996లో ఇచ్చిన తీర్పు ప్రకారం డబ్బుకు రక్తం ఇవ్వడం, తీసుకోవడం 1998 జనవరి 1నుంచి దేశమంతటా నిషిద్ధం. అట్టి రక్తం వ్యాధులకు నెలవు కూడా. తోటి కార్మికులను, మార్కెట్టులో తెలిసినవారిని, పిల్లల కళాశాల మిత్రులను ముందుగా అడిగి ఉంచుకోవడం ఉత్తమం. దాత రక్తం రోగి గ్రూపుదే కానక్కరలేదు, రక్తనిధి మార్చి ఇస్తుంది.

తెచ్చిన రక్తమంతా ఎక్కించలేదని బాధపడేవారు ఉంటారు. ఎక్కించకపోవడమే మేలైన సందర్భాలు చాలా ఉన్నాయి. అయిదు వేలమందికి పైగా రోగులతో జరిగి 2017లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధనలో, హిమోగ్లోబిన్ 7.5 కంటె తగ్గినప్పుడే రక్తం ఎక్కించినవారు, 9.5 కంటె తగ్గగానే ఎక్కించినవారితో సమానంగానే కోలుకున్నారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం వంటి మందులు, కారిన రక్తాన్ని కడిగి తిరిగి రోగికే ఇచ్చే యంత్రాలు వచ్చిన తరువాత పరుల రక్తం అవసరం తగ్గింది.

ఇంటికి వచ్చిన తరువాత

గొట్టాలు తీసివేసినంత మాత్రాన ద్రవం చేరే భయం పూర్తిగా పోదు. ఇంటికి వచ్చిన తరువాత, రెండవ, మూడవ వారంలో కూడా గుండె చుట్టూ మెల్లగా ద్రవం చేరవచ్చు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. ఇది టాంపొనేడ్ లాగా ఒక్క గంటలో ముంచుకురాదు. మొన్న వీధి చివరి వరకు నడిచిన మనిషి నేడు వాకిలి వరకు పోలేకపోవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, అన్నం సహించకపోవడం, కడుపు నిండినట్టుండటం, కాళ్ళవాపు, కళ్ళు తిరగడం, ఇట్లా మొదలవుతుంది. "ఆపరేషన్ బలహీనత" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. కోలుకుంటున్న మనిషి రోజురోజుకూ కొంచెం ఎక్కువ నడవగలగాలి. తక్కువ నడుస్తున్నాడంటే ఎకో పరీక్ష చేయించవలసిందే. శస్త్రచికిత్స జరిగిన కొద్ది వారాల్లో జ్వరం, ఊపిరి పీల్చినప్పుడు పోటువంటి ఛాతీనొప్పి వస్తే అది గుండె సంచి వాపు కావచ్చు, దానికి మంచి మందులున్నాయి.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొక్కితే నొప్పిగా ఉంటే కాలి సిరలో గడ్డ కట్టినదేమో చూడాలి. బైపాస్ కోసం సిర తీసిన కాలు కొంత వాచడం సహజమే గనుక ఈ తేడాను వైద్యుడే చెప్పగలడు. హెపారిన్ వాడినవారిలో కొద్దిమందికి అయిదవ రోజునుంచి పదవ రోజు మధ్య ప్లేట్‌లెట్లు పడిపోయి, విచిత్రంగా రక్తస్రావానికి బదులు గడ్డలే ఏర్పడతాయి. ఆసుపత్రిలో రోజూ రక్తం తీసి పరీక్షించడానికి ఇదీ ఒక కారణం.

అత్యవసరమైతే తమిళనాడులోనూ 108 నంబరుకే ఫోన్ చేయాలి. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఇక్కడికి దగ్గర. చెప్పవలసిన మాటలు: ఆయాసం "మూచ్చు తిణరల్", ఛాతీనొప్పి "నెంజు వలి", స్పృహ తప్పడం "మయక్కం", వాపు "వీక్కం", జ్వరం "కాయ్చల్", రక్తస్రావం "రత్తప్పోక్కు". వీటికి ముందు గుండె ఆపరేషన్ జరిగి ఎన్ని రోజులైనదో చెప్పడం మరువకూడదు. ఆ ఒక్క ముక్కతో వైద్యుని ఆలోచన దారి మారుతుంది.

రోజూ మింగే చిన్న మాత్ర

లోహపు కవాటం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రను జీవితాంతం వాడాలి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో రూపొంది, 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చిన స్వదేశీ కవాటానికీ ఈ నియమమే. కీళ్ళవాత జ్వరంవల్ల కవాటాలు చెడిన పేదలు మన ప్రాంతాల్లో చాలామంది ఉన్నారు, వారిలో యువతీయువకులే ఎక్కువ. ఇరవై ఏళ్ళకే మొదలై జీవితమంతా సాగే మందు కనుక దీనిని గురించి కొంత విస్తారంగా చెప్పక తప్పదు.

1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒక రకం గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోయేవి. ఆ గడ్డిలోని పదార్థాన్ని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం వేరుచేసింది. దానినుంచి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషులకు ఔషధంగా ఆమోదం పొందింది. ఎలుకల మందు అని విని మానేసేవారు లేకపోలేదు. మోతాదే మందుకూ విషానికీ ఉన్న తేడా, ఆ మోతాదును కొలిచే పరీక్షే ఐ.ఎన్.ఆర్. మందు వాడని మనిషికి అది సుమారు 1 ఉంటుంది. బృహద్ధమని కవాటం మార్చినవారికి సాధారణంగా 2 నుంచి 3 మధ్య, ఎడమ గదుల మధ్యనున్న మిట్రల్ కవాటం మార్చినవారికి 2.5 నుంచి 3.5 మధ్య ఉండేట్లు చూస్తారు. తగ్గితే కవాటం మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు, కుదుటపడిన తరువాత నెలకొకసారి పరీక్ష చేయిస్తారు. తేదీ, ఐ.ఎన్.ఆర్., ఆనాటి మోతాదు మూడూ ఒకే పుస్తకంలో రాసి ఉంచాలి.

మన ఊళ్ళ మందుల దుకాణాల్లో వార్ఫరిన్ కంటె అసెనోకుమరాల్ ఎక్కువగా దొరుకుతుంది. అసిట్రోమ్ అనే పేరు చాలామందికి తెలిసినదే. ఈ రెండూ ఒకటి కాదు, మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము సమానం కాదు. ఒకే మందులో 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలు ఉంటాయి. దుకాణదారు "అదే మందు" అని వేరే బలం ఇస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. అట్టమీది అంకె చూడకుండా తీసుకోకూడదు. ఒకపూట మర్చిపోతే ఆ రోజులోగా గుర్తుకు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు రెండు కలిపి వేసుకోవడం కూడదు. పరీక్షలు అక్కరలేదని చెప్పే కొత్త రకం మాత్రలు లోహపు కవాటానికి పనికిరావు. డబిగాట్రాన్‌తో జరిగిన ప్రయోగాన్ని గడ్డలు, రక్తస్రావం రెండూ పెరగడంవల్ల మధ్యలోనే ఆపివేసి, 2013లో ఆ సంగతి ప్రచురించారు.

ఆకుకూరలు మానాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. తోటకూర, పాలకూర, మునగాకులలో విటమిన్ కె అధికం, అది ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అయినా మానవలసిన అవసరం లేదు. వారంలో ఎన్నిసార్లు తింటున్నారో అన్నిసార్లే, దాదాపు అంతే తినాలి. ఒక వారం ప్రతిపూటా మునగాకు, మరో వారం అసలే లేకపోవడం వల్లనే ఐ.ఎన్.ఆర్. ఊగిసలాడుతుంది. పాలకోడు పేరు చెబితే గుర్తుకు వచ్చే టమాటాలో ఆ విటమిన్ చాలా తక్కువ. రాగి సంకటి, పప్పు, మజ్జిగలతోనూ చిక్కు లేదు. మద్యంతో చిక్కు ఉంది, అది ఐ.ఎన్.ఆర్.ను ఎటువైపైనా లాగగలదు.

ఒళ్ళు నొప్పులకు దుకాణంలో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఈ రోగులకు కడుపులో రక్తస్రావం తెస్తాయి. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి, అదీ మితంగా, వైద్యునికి తెలిపి. ఇంకొకటి, జ్వరం రాగానే క్లినిక్కుకు పోయి నడుముకో చేతికో సూది వేయించుకునే అలవాటు. ఈ మందు వాడేవారి కండలోకి సూది వేస్తే లోపల రక్తం గడ్డకట్టి పెద్ద వాపుగా తేలవచ్చు. "రత్తం ఉరైయామ ఇరుక్క మాత్తిరై సాప్పిడరాంగ, ఊసి పోడాదీంగ" అని చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా మాత్ర వాడుతున్నారు, సూది వేయవద్దు అని దాని అర్థం. పన్ను పీకించుకోవడానికి ముందు కూడా గుండె వైద్యుని అడగాలి. మాత్రను సొంతంగా ఆపడం, యాంటీబయాటిక్ లేకుండా పీకించుకోవడం రెండూ ముప్పే.

కవాటం మార్చుకున్న యువతికి పెళ్ళయితే ఈ మాట అత్తవారింట దాచడం తరచు జరుగుతున్నది. ఈ మాత్రలు గర్భస్థ శిశువుకు, ముఖ్యంగా ఆరవ వారంనుంచి పన్నెండవ వారం వరకు, హాని చేయగలవు. మందు ఒక్కసారిగా మానితే కవాటం మూసుకొని తల్లి ప్రాణమే పోవచ్చు. గర్భం ధరించకముందే గుండె వైద్యునితోను, ప్రసూతి వైద్యురాలితోను మాట్లాడి ఆ కాలానికి ఏ మందు వాడాలో నిర్ణయించుకోవాలి. దాచినందువల్ల మేలు జరిగిన ఇల్లు లేదు.

ఖర్చు, కాగితాలు

తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంలో ఏడాదికి 1,20,000 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలు చేరవచ్చు. ఇతర రాష్ట్రాలనుంచి వచ్చి ఆరు నెలలకు పైగా ఇక్కడ నివసిస్తున్న కార్మికులకు కూడా తగిన ధ్రువపత్రంతో అవకాశం ఉంది. ధర్మపురి కలెక్టరు కార్యాలయంలోని బీమా కేంద్రంలో విచారించాలి. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవారికి 2019 నవంబరునుంచి చెన్నై, బెంగళూరులలోని కొన్ని ఆసుపత్రుల్లోనూ ఆ రాష్ట్ర ఆరోగ్య పథకం వర్తించింది. చేరేముందు ఆ ఆసుపత్రి జాబితాలో నేడు ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి.

మక్కళై తేడి మరుత్తువమ్ పథకం 2021 ఆగస్టు 5న పొరుగు జిల్లా కృష్ణగిరిలోని సామనపల్లిలో మొదలైంది. దాని కింద ఇంటికి వచ్చే కార్యకర్త ప్రధానంగా రక్తపోటు, మధుమేహం మాత్రలు ఇస్తుంది. గుండె మాత్రలన్నీ ఆమె తెస్తుందని ఎదురుచూస్తూ పలచబరిచే మాత్ర అయిపోయిన సంగతి మరవకూడదు. సంక్రాంతికో, పెళ్ళికో సొంత ఊరికి బస్సెక్కేటప్పుడు సెలవు రోజులకు మించి ఒక వారానికి సరిపడా మాత్రలు, ఐ.ఎన్.ఆర్. పుస్తకం, కవాటం పేరూ సైజూ ఉన్న ఆసుపత్రి కార్డు సామానులో కాక చేతిసంచిలో ఉండాలి.